ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

ప్రశ్న: మేముండేది మియాపూర్‌లో. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నాన్నగారికి 72. పోస్టాఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ల కిందట అమ్మ పోయాక చిక్కడపల్లిలో అద్దెయిల్లు ఖాళీ చేయించి ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాను. ఏ ఇబ్బందీ ఉండకూడదని ఆయన బ్యాంకు ఖాతా, గ్యాసు, ఆధార్ అన్నీ నా నంబరుకు మార్పించి నేనే చూసుకుంటున్నాను. మంచి ఫోను కొనిచ్చాను. వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్‌లు పంపుతారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు. డబ్బు సంగతి వస్తే మాత్రం ఫోను ముట్టుకోరు. మొన్న నవంబరులో ఎవరికీ చెప్పకుండా మెట్రో ఎక్కి చిక్కడపల్లి బ్యాంకుకు వెళ్లారు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపరు చదువుకుని సాయంత్రానికి తిరిగొచ్చారు. ఫోను సైలెంట్‌లో పెట్టుకున్నారు. ఇంట్లో అందరం పరేషాన్. ‘ఫోన్లో ఒక్క నిమిషం పని, దానికి రోజంతా తిరిగొస్తారా?’ అని గట్టిగా అనేశాను. బీటెక్ చదువుతున్న మా అమ్మాయి ‘తాతయ్యకు చెప్పినా అర్థం కాదులే డాడీ’ అంది. అప్పట్నుంచి ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. ఈ వయసులో ఆయనకు ఇవన్నీ నేర్పడం ఎలా?
— ఒక కొడుకు, మియాపూర్

జవాబు: మియాపూర్ నుంచి చిక్కడపల్లికి నేరుగా రైలు లేదు. ఎంజీబీఎస్‌లో దిగి, ప్లాట్‌ఫాం మారి, జేబీఎస్ వైపు వెళ్లే ఆకుపచ్చ లైను రైలు పట్టుకోవాలి. ఆ లైను మొదలైందే 2020 ఫిబ్రవరిలో. అప్పటికే మీ నాన్నగారు అరవై ఐదు దాటిన మనిషి. ఎవరూ పక్కన కూర్చుని నేర్పకుండానే నేర్చుకున్నారు, ఒక్కరే వెళ్లారు, పని చేసుకుని ఒక్కరే వచ్చారు. కాబట్టి ‘చెప్పినా అర్థం కాదు’ అన్న మాటను ముందు పక్కన పెట్టేద్దాం. మీ అమ్మాయికీ చెప్పండి, తాతయ్య రైలు మారిన సంగతి.

మరి మెట్రో అబ్బినాయనకు ఫోన్లో డబ్బు పంపడం ఎందుకు అబ్బలేదు? మెట్రోలో కౌంటరు దగ్గర మనిషి ఉన్నాడు. బోర్డు తెలుగులో ఉంది, మైకులోనూ తెలుగులో చెబుతారు. తప్పు రైలెక్కితే తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రావచ్చు, పోయేది పది నిమిషాలు. ఫోన్లో తప్పు చోట వేలు పెడితే పోయేది పెన్షను. ఈ తేడా ఆయనకు మీకంటే బాగా తెలుసు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాళ్లకు సాయంత్రం లెక్క తేలకపోతే తేడా తమ జేబులోంచి కట్టాల్సిన భయం ఒంట్లో ఉంటుంది. నాకూ ఉంది. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్ఫై ఏళ్లకు పైగా కౌంటర్లో కూర్చున్నాను. రిటైరయి ఇన్నేళ్లయినా కలలో ఇంకా నా క్యాషు టాలీ కాదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో మీరు చాలా మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘బ్యాంకు ఖాతా, గ్యాసు, ఆధార్ అన్నీ నా నంబరుకు మార్పించాను.’ మీరు ప్రేమతోనే చేశారు, అందులో నాకేం అనుమానం లేదు. కానీ ఆ తర్వాత ఆయన రోజు ఎలా గడుస్తోందో ఒకసారి ఊహించండి. గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి కోడు చెప్పమంటాడు. కోడు వచ్చింది మీ ఫోనుకి. మీరు మీటింగులో ఉంటారు. ఆయన రెండుసార్లు చేస్తారు, మీరు కట్ చేస్తారు, కుర్రాడు విసుక్కుంటాడు. ఏటీఎంలో ఐదొందలు తీస్తే టింగుమనేది మీ జేబులో. తన పెన్షను ఎప్పుడు పడిందో ఆయనకు మీరు చెబితే తెలియాలి. మనవరాలి పుట్టినరోజుకు గుట్టుగా ఏదైనా కొందామన్నా మీకు తెలియకుండా కొనలేరు. పూర్వం ఇంటి తాళంచెవులు ఎవరి నడుముకు వేలాడితే పెత్తనం వాళ్లదనేవారు. ఇప్పుడు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తే వాళ్లది. మీ ఇంట్లో ఆ చెవుల గుత్తి మొత్తం మీ దగ్గరే ఉంది. అది మీరు లాక్కున్నదని అనను. అడక్కుండా తీసుకున్నారు, అంతే.

ఇప్పుడు ఆ చిక్కడపల్లి ప్రయాణాన్ని మళ్లీ చూడండి. ఆయన వేయించుకొచ్చింది పాస్‌బుక్ ఎంట్రీలు. అంటే తన డబ్బు లెక్క తన కళ్లతో చూసుకునే దారి ఆయనకు అదొక్కటే మిగిలింది. మీకది రోజంతా వృథా. ఆయనకు అది స్టేట్‌మెంట్.

లైఫ్ సర్టిఫికెట్ సంగతీ అంతే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో వచ్చింది. 2021 నుంచి ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇంట్లోంచే ఇచ్చేయొచ్చు. మంచి ఏర్పాటే, మంచాన పడ్డవాళ్లకైతే వరం. నా కౌంటరు అనుభవం మాత్రం వేరే చెబుతుంది. నవంబరు మొదటి వారంలో మా బ్రాంచి జాతరలా ఉండేది. ఎండలో బస్సు దిగి, నీళ్ల సీసా పట్టుకుని వచ్చేవారు. సంతకం పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, వాళ్లు రెండు గంటలు కదిలేవారు కాదు. ‘ఏమయ్యా, ఇంకా ఉన్నావా!’ అని ఒకర్నొకరు పలకరించుకోవడం, కిందటేడు వచ్చి ఈసారి రానివాళ్ల గురించి గొంతు తగ్గించి అడగడం. బతికే ఉన్నామని రాసివ్వడానికి వచ్చినవాళ్లు బతికున్నవాళ్లలాగే కాసేపు కూర్చుని వెళ్లేవారు. కెమెరా ముందు రెప్పలార్పితే సర్టిఫికెట్ వస్తుంది, ఆ కాసేపు రాదు. అందుకని వచ్చే నవంబరులో ఎలా ఇవ్వాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. ఫోన్లో ఇవ్వొచ్చు, బ్యాంకుకు వెళ్లొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికి పిలిపించుకునీ ఇవ్వొచ్చు. మూడోదైతే పాత డిపార్టుమెంటు కబుర్లు కూడా దొరుకుతాయి.

కాబట్టి నేర్పడం తర్వాత. ముందు నంబరు తిరిగివ్వండి. ఆయన చేతిలో ఉన్న ఫోనులోని సిమ్ము ఆయన పేరు మీదే ఉందా చూడండి. మీ పేరు మీద తీసుంటే మార్పించండి. తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆధార్‌లో ఆ నంబరు, ఆపైన బ్యాంకులో, గ్యాసు ఏజెన్సీలో. ఈ తిరుగుడంతా ఆయనతో కలిసి తిరగండి. ఫారాలు ఆయన చేతే నింపించండి. జీవితమంతా ఊళ్లోవాళ్లకు మనియార్డరు ఫారాలు నింపిపెట్టిన చెయ్యి అది. ‘మరి ఆయనకు ఏ దొంగ ఫోనో వస్తే?’ అంటారు, ఆ సంగతికి వస్తాను.

ఇప్పుడు నేర్పడం. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నేర్పేవాళ్ల చెయ్యి ఫోను మీద పడకూడదు. మా బ్యాంకులో లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చిన రోజులు గుర్తొస్తున్నాయి. 2000–01లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇస్తే దేశం మొత్తం మీద ప్రభుత్వ బ్యాంకుల నుంచి లక్షమందికి పైగా వెళ్లిపోయారు. అందరూ కంప్యూటరుకు జడిసి వెళ్లారనను, కూతురి పెళ్లో ఇంటి అప్పో, ఎవరి కారణం వాళ్లది. కానీ మా హెడ్ క్యాషియరుగారి సంగతి నేను చూశాను. నోట్ల కట్ట చేత్తో పట్టుకుంటే రెండు నోట్లు తక్కువున్నా చెప్పేసే మనిషి. ఒకరోజు ఒక కుర్ర ఆఫీసరు, క్యూ పెరిగిపోతోందని, ‘సార్, మీరుండండి’ అంటూ ఆయన చేతి కింద నుంచి మౌసు లాక్కుని టకటకా చేసేశాడు. కుర్రాడి ఉద్దేశం మంచిదే. పని నిమిషంలో అయిపోయింది. మర్నాడు ఆయన దరఖాస్తు ఇచ్చేశారు. మీ ‘ఒక్క నిమిషం పని’ అన్న మాట చదివితే నాకు ఆ మౌసే కనిపించింది.

అందుకని పక్కన కూర్చోండి, చేతులు కట్టుకోండి. ఆయన ఆగినా, వెతికినా, వెనక్కి వెళ్లినా మాట్లాడకండి. ఆయన నోటుబుక్కులో అంచెలంచెలుగా రాసుకుంటానంటే రాసుకోనివ్వండి, ‘ఇదంతా ఎందుకు నాన్నా’ అనకండి. అక్షరాల సైజు పెంచండి. భాష తెలుగులో పెట్టాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి. కొన్ని యాప్‌ల తెలుగు ఎలాంటిదంటే, ఇంగ్లిషులోనే ఇంకాస్త తెలుగుంటుంది. ముప్ఫై ఏళ్లు ‘పేయీ’, ‘రెమిటర్’ అని చదివిన మనిషికి ‘లబ్ధిదారుని జోడించండి’ అంటే తికమక. మొదట మీ ఇద్దరి మధ్య రూపాయి అటూ ఇటూ పంపుకోండి, పదిసార్లు. కావాలని పిన్ను తప్పు కొట్టించండి, డబ్బు పోదని చూస్తారు. ఆ తర్వాత వీధి చివర కొబ్బరిబొండాల అతనికి. కొబ్బరిబొండాల అతని స్పీకరు ‘రూపాయలు అందాయి’ అని అరిచినప్పుడు ఆయన ముఖం చూడండి.

ఇంకో మాట. నేర్పడానికి మీకంటే మీ అపార్టుమెంటులో ఆయన ఈడువాళ్లెవరైనా నయం. కొడుకు ముందు తడబడ్డం వేరు, సాయంత్రం బెంచీ మీద తోటివాడి ముందు తడబడ్డం వేరు.

డబ్బు జాగ్రత్తకు బ్యాంకులో పనిచేసినదానిగా నా సలహా ఇది. పెన్షను పడే ఖాతాను యూపీఐకి అసలు కలపొద్దు. వేరే చిన్న ఖాతా ఒకటి తెరిపించి, అందులో నెలనెలా రెండు మూడు వేలు వేసుకుని, ఫోనుకు దాన్నే తగిలించండి. పోతే అంతే పోతుందన్న ధైర్యం ఉంటే వేలు వణకదు. యూపీఐ సర్కిల్ పెట్టమని మీకెవరైనా చెప్పవచ్చు. 2024లో వచ్చింది. ఒకరి ఖాతా మీద ఇంట్లో మరొకరు చెల్లింపులు చేసుకోవచ్చు, పూర్తి అనుమతిస్తే నెలకు 15,000 దాకా. మీ ఖాతా మీద మీ నాన్నగారికి పెట్టడం నాకు నచ్చదు. సొంత పెన్షనున్న మనిషిని మళ్లీ మీ చేతి కిందికి తేవడమే అది. తిరగేసి పెట్టండి. ఆయన చిన్న ఖాతా మీద మీ అమ్మాయికి, ప్రతి చెల్లింపూ ఆయన పిన్ను కొడితేనే వెళ్లే పద్ధతిలో. బిర్యానీ ఆర్డరు పెట్టిన ప్రతిసారీ ‘తాతయ్యా, ప్లీజ్’ అనాలి. ఆ అమ్మాయే శ్రద్ధగా నేర్పిస్తుంది చూడండి.

అమ్మాయి సంగతి వచ్చింది కనక చెబుతున్నాను. ఈసారి బ్యాంకుకు తనను కూడా తీసుకెళ్లి ఒక డీడీ ఫారం నింపమనండి. మా చెల్లెలి మనవడు, పెద్ద కాలేజీలో చదువుతున్నాడు, కవరు మీద ఎవరి చిరునామా ఎక్కడ రాయాలో తెలియక నాకు ఫోటో తీసి పంపాడు. నేనేం నవ్వలేదు, ఎక్కడ రాయాలో చెప్పాను. రిజిస్టర్డ్ పోస్టుకూ మామూలు పోస్టుకూ తేడా ఏమిటో మీ అమ్మాయి తాతగారిని అడగాలి. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆయనకు ఆ వార్త ఎలా తగిలిందో మీ ఇంట్లో ఎవరైనా అడిగారా?

దొంగల సంగతి. ఆయన భయాన్ని వెటకారం చేయకండి, ఆ భయం ఆయనకు కాపలా. నాలుగు విషయాలు మాత్రం ఇద్దరూ కలిసి గట్టిగా అనుకోండి. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, పంపడానికే కావాలి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనీ ట్రాఫిక్ చలానా అనీ చెప్పుకుంటూ ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే తెరవకూడదు. ‘డిజిటల్ అరెస్ట్’ అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు, వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపించినా సరే, ఫోను పెట్టేయొచ్చు. పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ ‘వెంటనే’ దగ్గరే చాలా ఇళ్లు మునిగిపోతున్నాయి. రెండొందలు తప్పు నంబరుకు వెళ్లినప్పుడు మీరు కేకలేశారనుకోండి, రేపు రెండు లక్షలు పోయిన రోజున ఆయన మీకు చెప్పరు. లోలోపల కుమిలిపోతూ రెండు రోజులు దాస్తారు, దొంగకు కావలసింది ఆ రెండు రోజులే. మొన్న మీరు గట్టిగా అన్నదానికి క్షమాపణ చెప్పమనడానికి నా దగ్గరున్న కారణాల్లో ఇది కూడా ఒకటి.

ఇంత చేసినా కొన్ని పనులు ఆయన ఫోన్లో చేయనంటే? చేయనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చినప్పుడు దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. అక్కడి సుఖం ఏమిటంటే, కంప్యూటరూ ఉండేది, దాని ముందు మనిషీ ఉండేవాడు. మా అమ్మ చదివింది మూడో తరగతి. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఒకే చోట కట్టి, రశీదు కొంగున ముడేసుకుని వచ్చేది. దాని తర్వాత వచ్చిన మీ-సేవ ఇప్పటికీ ఉంది. అక్కడ కడితే వెనకబడ్డట్టేం కాదు. 2024 జులైలో కొత్త నిబంధనల వల్ల ఫోన్‌పే, గూగుల్‌పేల్లో కరెంటు బిల్లు కట్టే వీలు కొన్నాళ్లు ఆగిపోయింది గుర్తుందా? మా అపార్టుమెంటులో కుర్రాళ్లంతా లొల్లి లొల్లి. వెళ్లి కట్టే అలవాటున్న ముసలాళ్లం మాత్రం నిమ్మళంగా ఉన్నాం. (హోటల్లో మెనూ అడిగితే బల్లకు అంటించిన గళ్ల బొమ్మ చూపిస్తున్నారు. ఇడ్లీ అడగడానికి నేను ఫోను తీయను. అది నా మొండితనం, మీ నాన్నగారికి అంటగట్టకండి.)

తప్పంతా ముసలాళ్లదే అన్నట్టు మాట్లాడే ముందు ఏర్పాట్ల వంక కూడా చూడాలి. ఊళ్లలో అందరికీ డిజిటల్ అక్షరాలు నేర్పడానికి కేంద్రం 2017లో పెట్టిన పథకంలో వయసు 14 నుంచి 60 దాకానే ఉండేది. అదీ పల్లెలకే. మీ నాన్నగారు వయసు చొప్పునా లేరు, ఊరి చొప్పునా లేరు. తిరుమలలో 65 దాటినవాళ్లకు ప్రత్యేకంగా ఇచ్చే దర్శనం టికెట్లు ఎక్కడ దొరుకుతాయంటే ఆన్‌లైన్‌లో. అవి కాస్తా నిమిషాల్లో అయిపోతాయి, వేళ్లు చురుగ్గా ఆడే మనవలున్న ముసలాళ్లకే వెంకన్న కనిపిస్తాడు. మరోవైపు, 70 దాటినవాళ్లకు ఇంటికే వచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటరు ఇవతల ఉన్నవాళ్లలో అది తెలిసినవాళ్లు తక్కువ. మీ బ్రాంచిలో అడగండి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కేవైసీ (గుర్తింపు తనిఖీ) కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన కేసులు అవి. మనిషిని తిప్పి పంపేసి యంత్రాన్ని తప్పుపట్టకపోవడం ఎంత అన్యాయమో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

వచ్చే వారం ఒక పనిదినం సెలవు పెట్టండి. శనివారమే వీలవుతుందంటే రెండోదీ నాలుగోదీ కాకుండా చూసుకోండి. ఆయన ఆధార్, పాస్‌బుక్ తీసుకుని ఇద్దరూ మెట్రోలోనే వెళ్లండి, కారు తీయకండి. ఎంజీబీఎస్‌లో ఎటు తిరగాలో మీకు తెలిసినా ఆయన వెనకే నడవండి. బ్యాంకులో నంబరు మార్పు పనయ్యాక లైబ్రరీలో ఆయన కూర్చునే చోటేదో చూపించమనండి, ఆకలేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి ఏదైనా తినండి. బిల్లు ఆయన కడతానంటే కట్టనివ్వండి, నోటుతోనో ఫోనుతోనో ఆయన ఇష్టం. ఖాతాను మియాపూర్ బ్రాంచికి మార్చేద్దాం నాన్నా అని మాత్రం ఆ రోజు అనకండి.